అత్తగారికి ఒక్క మార్కు

ఇంట్లో ఇంటర్నెట్ పెట్టించుకున్న ప్రతి మగవాడూ దాన్ని ఒక్కసారైనా తన చేతులతో చెడగొట్టుకుని తీరాలి! సంసారం బాగుపడటానికి ఇంతకన్నా దగ్గర దారి నాకు కనిపించలేదు. నమ్మకం కుదరకపోతే మదనపల్లెలో పిల్లలకు లెక్కలు చెప్పే ఉమాశంకర్ సంగతి వినండి.

ఈ రెండువేల తొమ్మిదిలో ఆయన ఇంట్లో కనెక్షన్ ఒకటి, కంప్యూటర్లు మూడు. ఫోను తీగలో వచ్చే నెట్‌ను మూడింటికీ పంచే పెట్టె పేరు రౌటర్. కొడుకు గిరీష్ గేము మొదలుపెడితే తండ్రి మెయిలు కదలదు. మోకాళ్ల వైద్యానికని రామసముద్రం నుంచి వచ్చిన అత్తగారు పాపక్క పరిస్థితి మరీ అన్యాయం. కుప్పంలో ఉన్న రెండో కూతురు రేవతి పసిబిడ్డను వెబ్‌క్యామ్‌లో చూడబోతే బొమ్మ బిగుసుకుపోతుంది. బిడ్డ నోరు తెరిచింది ఆవలింతకో ఏడుపుకో తేలేలోగా లైను తెగిపోతుంది.

మామూలు మనిషైతే కంపెనీకి ఫోన్ చేసి, తిట్టుకుని, పడుకుంటాడు. ఉమాశంకర్ మామూలు మనిషా? ఎవరో విదేశీ కుర్రాళ్లు ఇంకా పరీక్షిస్తున్న ఫర్మ్‌వేర్‌ను, అంటే ఆ పెట్టెను లోపలి నుంచి నడిపే ప్రోగ్రామును, దించుకుని ఎక్కించేశాడు. "చెడితే మా పూచీ లేదు" అని వాళ్లు రాసిన మాటను ఆయన వినయం అనుకున్నాడు.

అందులో ఒక సదుపాయం ఉంది. ఏ కంప్యూటర్‌కు ముందు దారి ఇవ్వాలో ఒకటి నుంచి పది దాకా అంకె వేసి చెప్పొచ్చు. లెక్కల మాస్టారి చేతికి అంకెలిస్తే ఏం చేస్తాడు? మార్కులు వేస్తాడు! తనకు పదికి పది. భార్య అంబిక, గిరీష్ కలిసి వాడుకునేదానికి ఐదు. హాల్లో పాపక్క కూర్చునే పాతదానికి, సున్నా వేసే వీలు లేదు కాబట్టి, ఒకటి.

ఆ పెట్టె లెక్కలో మాత్రం ఒకటంటే మొదటి స్థానం. పదంటే ఆఖరు.

ఆ సాయంత్రం కుప్పం బిడ్డ బోసినోటితో పక్కింట్లో ఉన్నంత తేటగా నవ్వింది. లోపలి గదిలో ఉమాశంకర్ పేజీ సగం తెరుచుకుని నిలబడిపోయింది. గిరీష్ వెళ్లి సెట్టింగులు చూసి కేకేశాడు.

"అవ్వా, నాయన నీకే ఫస్టు ఇచ్చుండాడు. ఆయనకి ఆయన లాస్టు పెట్టుకోనుండాడు."

ఆ ముక్క పాపక్క పుంగనూరులో ఒక పెళ్లికి పోయి చుట్టాలందరికీ చెప్పింది. అక్కడున్న మిగతా అల్లుళ్లు ఉమాశంకర్‌ను చూసిన చూపు ఆయనకు ఇప్పటికీ గుర్తే.

పొగడ్తల వేడి చల్లారాక అంకెలు తిప్పేద్దామని ఒక ఆదివారం ఆయన రౌటరున్న హాల్లోకి వెళ్లాడు. పాపక్క తెర ముందు నుంచి కదల్లేదు.

"పెండ్లయినా పబ్బమైనా అందురూ తిన్నంక తినేదే నాకు తెలుసప్పా," అంది. "మీ మామ గూడా నన్ను ముందర పెట్టింది లేదు. నువ్వు పెట్టినావు."

అబద్ధమాడటం చేతకాని మనిషి ఉమాశంకర్.

"వైరు సూసిపోదామని వచ్చినానత్తా," అన్నాడు.

కాబట్టి పాఠకులారా, తెలియని ఫర్మ్‌వేర్ ఎక్కించండి. తప్పుడు అంకెలు వేయండి. బుద్ధిగా ఆలోచించి ఉంటే ఆ పెద్దావిడకు ఈ జన్మలో ఫస్టు వచ్చేదా? తెలిసి చేయని మంచి పని పొరపాటునైనా జరిగితే చాలదా?

ఇవన్నీ నీకెలా తెలుసంటారా? ఈ వ్యాసాన్ని బస్టాండు పక్కన కృష్ణప్ప నెట్ సెంటర్ నుంచి పంపుతున్నాను. "ఇంట్లో నెట్ పెట్టుకోని ఈడికి యాల వస్తాండారు సారూ?" అని ఆయన రోజూ అడుగుతాడు. నేను రోజూ నవ్వి మెయిలు తెరుచుకుంటాను.

కుప్పం బిడ్డకు పన్ను మొలిచిందట. త్వరగా ఇల్లు చేరి పాపక్క వెనక కాస్త చోటు సంపాదించాలి. అంబిక, గిరీష్ ఈపాటికే కుర్చీలు వేసేసుకుని ఉంటారు. అక్కడ కూడా నాది పదో నంబరే.