మంత్రిగారు వచ్చేదాకా చావరాదు

"రాబోయే ఆదివారం సాయంత్రం సరిగ్గా నాలుగు గంటలకు, ఛత్రినాక రీడింగ్ రూం ఎదుట, గౌరవనీయులైన మంత్రివర్యుల అమృత హస్తాల మీదుగా ఘోరదంష్ట్రుడు అను రాక్షసుడు సంహరింపబడును. ప్రజలు వేలాదిగా తరలివచ్చి కార్యక్రమాన్ని జయప్రదం చేయవలెనని ప్రార్థన. ఇట్లు, ఆనందరావు, వార్డు అధ్యక్షుడు."

హోటల్ గోడకు అంటించిన ఈ కరపత్రం చదువుతూ రామలింగయ్య చేతిలోని చాయ్ చల్లారబెట్టుకున్నాడు. ఎందుకంటే ఆ రాక్షసుడు ఆయనవాడే.

కంగారు పడనక్కర్లేదు. రాక్షసుడు ఆటలోవాడు. రామలింగయ్య సర్కారీ ఫ్యాక్టరీలో ఫిట్టర్. ఎనభై ఒకటిలో మిషన్లు బిగించడానికి వచ్చిన విదేశీ ఇంజనీరు ఒకాయన, తిరిగి పోతూ పోతూ ఒక అట్టపెట్టె ఈయన చేతిలో పెట్టి పోయాడు. అందులో ఒక ఇంగ్లీషు పుస్తకం, ఇరవై ముఖాల పాచిక ఉన్నాయి. రామలింగయ్య డిక్షనరీ పక్కన పెట్టుకుని నాలుగు నెలలు కుస్తీ పట్టి ఆ పుస్తకాన్ని తెలుగులోకి దించాడు. ఆటలో ఒకడు కథ చెబుతూ రాక్షసుణ్ణి నడిపిస్తాడు. మిగిలినవాళ్లు వీరులై వాడితో పోరాడతారు. కత్తి ఎత్తడం వీరుడి పని, అది తగిలిందో లేదో చెప్పడం పాచిక పని. రాక్షసుడికీ వీరులకూ ఇన్ని ప్రాణాలని ముందే ఉంటుంది. దెబ్బ పడ్డప్పుడల్లా కొన్ని పోతాయి.

పాలవ్యాపారం చేసే పెంటయ్య కత్తివీరుడు. పత్తర్‌గట్టిలో గడియారాలు బాగుచేసే యూసుఫ్ భాయ్ ఎంతటి తాళమైనా తీసే దొంగ. ఆస్పత్రిలో ఆయా పని చేసే కృష్ణమ్మ వైద్యురాలు, పోయిన ప్రాణాలు తిరిగి పోసే మనిషి. ఆదివారం ఆదివారం రీడింగ్ రూంలో కూర్చుంటే ముగ్గురూ కలిసి ముప్పావుగంటలో రాక్షసుణ్ణి మట్టుబెట్టి ఎవరింటికి వాళ్లు పోయేవారు.

ఆ ముప్పావుగంట కోసమే రామలింగయ్య వారమంతా బతికేవాడు. ఆరు రోజులు ఫోర్‌మన్ చెప్పింది ఈయన వినాలి. ఇంట్లో ఉన్నది ఒక్క గది, అందులో ఏడుగురు మనుషులు, ఒక కుట్టుమిషను. ఆదివారం మాత్రం ఈయన "కోట తలుపు తెరుచుకుంది" అంటే తెరుచుకునేది. రీడింగ్ రూం లేకపోతే ఆ కోట పెట్టుకోవడానికి ఆయనకు ఛత్రినాక మొత్తంలో జానెడు జాగా లేదు.

ఇక ఆనందరావుగారి దూరదృష్టిని ఎంత పొగిడినా తక్కువే. మంత్రిగారు ఆదివారం పాతబస్తీ పర్యటనకు వస్తున్నారు. ఆయన చేత ఏం చేయించాలి? వార్డులో పునాదిరాళ్లన్నీ వేసేశారు. ఒక రాయిని మూడుసార్లు వేశారు. రిబ్బను కత్తిరిద్దామంటే కట్టిన కట్టడం ఏదీ లేదు. ఇలా ఆలోచిస్తూ నడుస్తున్న ఆనందరావుగారు రీడింగ్ రూం కిటికీలోంచి తొంగిచూశారు. లోపల రాక్షసుడు చస్తున్నాడు. ఆయన ముఖం వెలిగిపోయింది.

"రామలింగన్నా, గీ రాక్షసుణ్ణి మన మంత్రిగారితోని చంపిద్దాం," అన్నారు.

"గది ఉత్త ఆట సార్."

"ఆటైతేంది? సూడు, మంత్రిగారి చేతుల వాడు సచ్చిండనుకో, గీ రూం తాళంచెయ్యి ఎప్పటికీ నీదే. రాసిస్త. సావలేదనుకో, సోమారం పొద్దుగాల గీడ పార్టీ ఆఫీసు బోర్డు లేస్తది. ఖుషీనా?"

ఆ గది మీద ఆనందరావుగారికి రెండేళ్ల నుంచి కన్నుంది. రామలింగయ్యకు అది తెలుసు. కాదంటే రేపే బోర్డు లేస్తుందని కూడా తెలుసు. ముప్పావుగంటలో చచ్చే రాక్షసుడే కదా అని ధైర్యం చేసి సరేనన్నాడు. ఎంకి పెళ్లి సుబ్బి చావుకొచ్చిందంటే ఇదే.

మరునాడు వీరుల ఎంపికకు సమావేశం పెట్టారు. రామలింగయ్య నోటుబుక్కు తెరిచి వినయంగా చెప్పాడు. "సార్, జట్టుల సమతూకం ఉండాలె. కొట్టేటోడు ఒకడు, తాళం తీసేటోడు ఒకడు, మందిచ్చేటోళ్లు ఒకరు. నలుగురైదుగురు మించితే యుద్ధం సాగుతది."

ఆనందరావుగారు చిరునవ్వు నవ్వారు. "సమతూకం సంగతి నాకు జెప్తున్నవా? ఇరవయ్యేండ్ల సంది నా పనే గది."

ఆయన సుద్దముక్క తీసుకుని అరగంటలో సమతూకం సాధించారు. గల్లీకి ఇద్దరు. పాలవాళ్ల సంఘానికి ఒకరు. యూనియన్‌కు ఇద్దరు, ఎందుకంటే యూనియన్లు రెండు. పాత గ్రూపుకు నలుగురు, కొత్త గ్రూపుకు నలుగురు, ఏ గ్రూపో ఇంకా తేల్చుకోనివాళ్లకు ముగ్గురు. మొత్తం ఇరవై ముగ్గురు. అందరికీ కత్తే కావాలి. ఒకరికి కత్తి ఇచ్చి ఇంకొకరికి మందుసీసా ఇస్తే లొల్లి అవుతుందని ఇరవై ముగ్గురికీ కత్తులే ఇచ్చారు.

"మరి దొంగ?" అన్నాడు రామలింగయ్య.

"నీకేమన్న పిచ్చిలేసిందా? మంత్రిగారి పక్కన స్టేజి మీద దొంగనా? రేపు పేపర్ల వస్తే?"

"నేను తాళాలు తీస్త, గంతే సాబ్," అన్నాడు యూసుఫ్ భాయ్. "ఆటల గూడ నా ఇజ్జత్ తీస్తరా?" ఆ పోస్టు అక్కడికక్కడే రద్దయింది.

"వైద్యురాలు?"

"మందమ్మను పెట్టుకుంటే మనోళ్లకు దెబ్బలు తగుల్తయని మనమే ఒప్పుకున్నట్టయితది. వద్దు." కృష్ణమ్మ పోస్టు కూడా పోయింది. ఆమె కొంగు దులుపుకుని, "మంచిదాయె, ఇంటికాడ బట్టలన్న ఉతుక్కుంట," అని లేచింది.

వీరులు పెరిగితే రాక్షసుడి ప్రాణాలు కూడా అదే లెక్కన పెంచాలని పుస్తకంలో ఉంది. రామలింగయ్య నియమం తప్పే మనిషి కాదు. ముప్పై ప్రాణాల ఘోరదంష్ట్రుడికి రెండువందల ముప్పై ప్రాణాలు వేశాడు.

ఆదివారం మధ్యాహ్నం రెండింటికి యుద్ధం మొదలైంది. స్టేజి మీద ఇరవై ముగ్గురు వీరులు కండువాలతో కూర్చున్నారు. మధ్యలో బల్ల మీద జానెడు మట్టిబొమ్మ, అదే ఘోరదంష్ట్రుడు. పక్కన రామలింగయ్య, నోటుబుక్కు. నాలుగింటికి మంత్రిగారు వచ్చేసరికి రాక్షసుడు కొనఊపిరితో ఉండాలని ప్రోగ్రాం.

మొదటి వీరుడు మైకు ముందుకొచ్చాడు. "వేదికనలంకరించిన పెద్దలకు, అక్కలకు, అన్నలకు..." అని మొదలుపెట్టి, తనకీ కత్తి దక్కడానికి కారకులైన పదకొండు మందిని పేరుపేరునా తలుచుకుని, ఎనిమిది నిమిషాల తర్వాత పాచిక వేశాడు. మూడు పడింది. దెబ్బ తగల్లేదు. జనం చప్పట్లు కొట్టారు. రెండో వీరుడు మొదటివాడి కంటే తక్కువ మాట్లాడితే తన గ్రూపుకు తలవంపులని తొమ్మిది నిమిషాలు మాట్లాడాడు.

నాలుగింటికి ఇంకా పన్నెండో వీరుడే మాట్లాడుతున్నాడు. మంత్రిగారు రాలేదు. రాక్షసుడికి రెండువందల పది ప్రాణాలున్నాయి. రామలింగయ్య ఆనందరావుగారి దగ్గరికి పరుగెత్తాడు. "సార్, గిట్లయితే దీపావళికి గూడ సావడు. ప్రసంగాలు బంద్ చెయ్యుండ్రి," అని బతిమాలాడు.

ఆనందరావుగారు వెంటనే కఠిన నిర్ణయం తీసుకున్నారు. ప్రసంగాలు ఆగాయి. పాచికలు మాత్రమే పడసాగాయి. దాంతో అసలు చిక్కొచ్చింది. పాలవాళ్ల సంఘం తరఫున వచ్చిన పెంటయ్యకు వరసగా మూడుసార్లు ఇరవై పడింది. వీరులు ఒకరిమీద ఒకరు పంతానికి పోయి కొట్టారు. ఐదింటికల్లా రాక్షసుడికి తొమ్మిది ప్రాణాలు మిగిలాయి. సరిగ్గా అప్పుడే కబురొచ్చింది. మంత్రిగారు పత్తర్‌గట్టిలో ఒక బట్టల దుకాణం ప్రారంభించి అక్కడే భోజనానికి కూర్చున్నారట.

"ఆగుండ్రి! ఎవడు కొట్టొద్దు!" అని ఆనందరావుగారు అరిచారు.

"సార్, మనం ఆగినా వాడాగడు," అన్నాడు రామలింగయ్య. "వాని వంతు వచ్చినప్పుడు వాడు కొడతడు. నియమం."

వాడు నిజంగానే కొట్టాడు. మందిచ్చేవాళ్లు లేరు కనుక వీరులు టపటపా రాలారు. చచ్చినవాడు స్టేజి దిగాలి. ఒక్కడూ దిగలేదు, స్టేజి మీదే పడుకున్నారు.

"మల్లన్నా, నువ్వు సచ్చిపోయినవ్. దిగు," అన్నాడు రామలింగయ్య.

"మంత్రిగారితోని ఫోటో దిగినంక దిగుత."

"పీనుగువు ఫోటోల ఎట్లుంటవన్నా?"

"వెనకాల వరసల ఉంట. నీకేంది ఫికర్?"

బతికున్నవాళ్లు భయపడి తమను తాము కాపాడుకోవడానికి మళ్లీ కత్తులెత్తారు. రాక్షసుడి ప్రాణాలు తొమ్మిది నుంచి నాలుగుకు పడ్డాయి. మంత్రిగారు రాకముందే చస్తే గది పోతుంది. బోర్డు మీద రంగు కూడా ఆరిపోయి ఉంది, గోడకు ఆనించి పెట్టారు. రామలింగయ్య దాన్ని ఒకసారి చూశాడు. ఆయన ఆనందరావుగారి చెవిలో ఒక మాట చెప్పాడు. నిమిషంలో ఒక ఆటో బయలుదేరింది. కృష్ణమ్మ సబ్బుచేతులతో దిగింది.

"ఎవరికి మందియ్యాలె?" అని చచ్చిన వీరుల వైపు చూసింది.

"వాళ్లకు కాదమ్మా, రాక్షసునికి! మంత్రిగారు వచ్చేదాక వాని పానం ఆపు!" అన్నారు ఆనందరావుగారు. "నియమం ఒప్పుకుంటదా రామలింగన్నా?"

"ఎవరికైనా ఇయ్యచ్చు సార్."

"నాకు అలవాటే," అంది కృష్ణమ్మ. "పెద్ద డాక్టరు రౌండుకొచ్చేదాక పేషెంటును ఆపుడు ఆస్పత్రిల గూడ నా డ్యూటీనే." వీరులు కొట్టి ప్రాణాలు దించినప్పుడల్లా, మొత్తం మూడుసార్లు మందు పోసింది. ఘోరదంష్ట్రుడు కులాసాగా లేచి ఇంకో ఐదుగురిని చంపాడు. జనం ఈలలు వేశారు. అప్పటికి వాళ్లు రాక్షసుడి పక్షానికి వచ్చేసినట్టు కనబడింది.

ఆరున్నరకు మంత్రిగారు వచ్చారు. ఆనందరావుగారు గజమాల వేసి పాచిక ఆయన చేతిలో పెట్టారు. "సార్, వాడికి ఇగ ఐదు ప్రాణాలే. పాచిక పది దాటితే ఖతం." రామలింగయ్య కళ్లు మూసుకుని పది దాటాలని మొక్కుకున్నాడు.

మంత్రిగారు పాచిక వేయలేదు. స్టేజినంతా కలియజూశారు. "వీళ్లంతా ఎవరు?"

"వీరులు సార్. ఇరవై ముగ్గురు," అన్నాడు రామలింగయ్య.

"సగం మంది కింద పండుకున్నరేంది?"

"వాళ్లు సచ్చిపోయిండ్రు సార్. పద్నాలుగు మంది."

"ఎవరు చంపిండ్రు?"

రామలింగయ్య మట్టిబొమ్మను చూపించాడు.

"ఒక్కడేనా?"

"ఒక్కడే సార్. నాలుగున్నర గంటల సంది."

మంత్రిగారు బొమ్మకు దగ్గరగా వంగారు. చాలాసేపు చూశారు. అసెంబ్లీలో ఇరవయ్యేళ్లు గడిపిన మనిషి, చూపులో అనుభవం ఉంటుంది. "ఈయనది ఏ గ్రూపు?"

"ఏ గ్రూపు లేదు సార్. ఒక్కడే ఉంటడు."

మంత్రిగారు పాచిక బల్ల మీద పెట్టేశారు. తన మెడలోని గజమాల తీసి ఘోరదంష్ట్రుడికి వేశారు. మాలలో బొమ్మ మొత్తం మునిగిపోయింది. "ఇటువంటి కార్యదక్షులు బయట ఉండడం మన పార్టీ చేసుకున్న దురదృష్టం," అని మైకులో ప్రకటించారు. పి.ఎ. పార్టీ సభ్యత్వ ఫారం తీశాడు.

"పేరు?"

"ఘోరదంష్ట్రుడు," అన్నాడు రామలింగయ్య.

"వయసు?"

"మూడువందల ఇరవై."

పి.ఎ. 'యువజన విభాగం' అని రాసుకున్నాడు. "నివాసం?"

రామలింగయ్య గోడకు ఆనించిన బోర్డు వైపు చూశాడు. "గీ రీడింగ్ రూమే సార్. ఆదివారం ఆదివారం మేం నలుగురం వచ్చి మంచిచెడ్డ అరుసుకుంటం."

"అట్లయితే ఆ రూం జోలికి ఎవరూ పోవద్దు," అన్నారు మంత్రిగారు. "ఆయనకు ఏ లోటూ రావద్దు. ఆనందరావ్, వింటున్నవా?"

రామలింగయ్య ఫారం మీద రాక్షసుడి తరఫున సంతకం చేశాడు. సంతోషంతో తన పేరే రాయబోయి దిద్దుకున్నాడు. పద్నాలుగు మంది మృతవీరులు లేచి, కండువాలు సర్దుకుని, బొమ్మకు దండం పెట్టడానికి వరస కట్టారు. వాళ్లందరినీ మోచేతులతో తోసుకుంటూ ఆనందరావుగారు ముందుకొచ్చారు.

"సార్, జర నా సంగతి గూడ రాసుకోండ్రి," అన్నారు చేతులు జోడించి. "మధ్యాన్నం సంది గీ ఇరవై ముగ్గురు కలిసి ఆయనను చంపాలని చూస్తుంటే, మూడుసార్లు మందు పోయించి పానం నిలబెట్టింది నేనే. కావాలంటే కృష్ణమ్మనడుగుండ్రి."