ఎదురింటి తలుపు మీద నల్లంచు కాగితం

ఖితాంకు అన్నింటికంటే పెద్ద భయం, తనకు ఇంగ్లీషు అక్షరం ముక్క రాదని ఏడేళ్ల కూతురు రహఫ్ కనిపెట్టేస్తుందేమోనని. ఆరో తరగతిలో బడి మానేసిన ఆమె, రోజూ కూతురి పుస్తకం మీద కళ్లు తిప్పి "బాగుంది" అంటూ నెట్టుకొస్తోంది.

ఆ ఉదయం బట్టలుతికి కాసేపు నడుం వాల్చాలనుకుంది. ఇంగ్లీషు మాటలకు చిన్న చిన్న అర్థాలు రాసి, ఏ కాగితం ఆ వస్తువుకే అంటించమని టీచరు రహఫ్‌కు చెప్పిందట. గట్టిగా చదువుతూ కుర్చీకి, కిటికీకి అంటించిన రహఫ్, బడికి వెళ్తూ చివరిది ఎదురింటి ఉమ్ నజీర్ తలుపుకి అంటించింది. ఆ ముసలావిడకు చెవుడు. రంగుపెన్నుల్లో నలుపొక్కటే మిగిలింది కనుక చుట్టూ నల్లంచు గీసింది.

సిరియాలోని ఈ హోమ్స్ ఊళ్లో నల్లంచు కాగితం చావుకబురుకే అంటిస్తారు. కింది అంతస్తు ఉమ్ అద్నాన్ మెట్ల మలుపులోంచే చూసి గుండె బాదుకుంది.

"అయ్యో, ఉమ్ నజీర్! ఇంగ్లీషులో ఉందేమిటి?"

"బ్రెజిల్‌లో ఉన్న ఆవిడ చుట్టాలు పంపి ఉంటారు," అన్నాడు ఆమె భర్త అబూ అద్నాన్.

"ఖితాం! నీ కూతురికి ఇంగ్లీషు చెప్పేది నువ్వేగా. చదువు తల్లీ, ఆవిడేనా?"

గోల విని బయటికొచ్చిన ఖితాంకు ఆ కంగారులో అది కూతురి రాతేనని తట్టలేదు. రాదని చెప్పడానికి నోరూ రాలేదు. తల దించుకుని మెల్లగా ఊపింది.

అంతే. గంటలో మెట్లనిండా కుర్చీలు, చావింట ఇచ్చే చక్కెర లేని కాఫీ, ఖురాన్ చదివే షేక్. తలుపు మాత్రం ఎవరూ తట్టలేదు. "ఆసుపత్రిలో పోయుంటుంది. ఇక తీసేదెవరు?" అన్నాడు అబూ అద్నాన్.

మధ్యాహ్నం రహఫ్ బడి నుంచి వచ్చేసరికి ఆ తలుపే తెరుచుకుంది. చెత్తసంచీతో ఉమ్ నజీర్!

"ఎవరు పోయారు?"

షేక్ చదువు ఆగిపోయింది. "రహఫ్, ఇందులో ఏముందే?" అంది ఉమ్ అద్నాన్, గొంతు కీచుమంటూ.

"పొరుగు మనిషి అంటే, మన ఇంటి దగ్గర ఉండేవాళ్లు," అని రహఫ్ ముసలావిడకు వినిపించేలా అరిచింది.

అందరూ ఖితాం వైపు తిరిగారు.

"నాకు చదవడం రాదు," అంది ఖితాం. అలసట తప్ప ఆ గొంతులో ఏమీ మిగల్లేదు.

"తెలుసమ్మా. అందుకేగా అంటించేటప్పుడు గట్టిగా చదివేది," అంది రహఫ్.

ఉమ్ నజీర్ కుర్చీ లాక్కుని కూర్చుంది. "రంజాను తర్వాత నా గడప తొక్కినవాళ్లు లేరు. కాఫీ ఇటివ్వండి... యాలకులు తక్కువేశారు."

సాయంత్రానికి కుర్చీలు దిగిపోయాయి, మనుషులూ దిగిపోయారు. కాగితం అక్కడే ఉంది. మీరెప్పుడైనా అటు వెళ్తే మూడో అంతస్తు ఎక్కి ఆవిడను ఓసారి చూసి రండి. చదవడం రాకపోయినా ఫర్వాలేదు, తలుపు తట్టడం వస్తే చాలు.