నన్ను చదివించిన వరండా బల్ల

తరగతి గదులన్నీ మూసేయాలి. బాగా ఆలోచించే ఈ మాట అంటున్నాను. విశ్వవిద్యాలయానికి విద్యార్థి సేవా కేంద్రం ఒక్కటి ఉంటే చాలు, మిగతా భవనాలన్నీ దండగ!

నమ్మరా? నా సంగతి వినండి. మా ఆయన పోయాక, యాభై మూడో ఏట అక్షరాలు దిద్దాను. అరవై దాటాక డిగ్రీలో చేరాను. 'నగరంలో నీటి సరఫరా' మీద రాసిన మొదటి వ్యాసానికి లెక్చరరుగారు సున్నా చుట్టి, పక్కన 'విశ్లేషణ లేదు' అని రాశారు. తిరగరాసి ఇవ్వడానికి నెల గడువు. అప్పుడూ తప్పితే సీటు పోతుంది.

సేవా కేంద్రానికి పరుగెత్తాను. గుమ్మం మీద ఎంత చక్కని బోర్డో! 'తరగతి బయట కూడా మీ చదువుకు తోడు మేమే.' పనివేళలు పది నుంచి ఒంటిగంట. మా తరగతులూ పది నుంచి ఒంటిగంటే. ముందుచూపంటే ఇదీ. తరగతి లోపల కూర్చున్న మనిషికి తరగతి బయటి చదువు ఎలా అబ్బుతుంది?

కిటికీ వెనక గుమస్తా మర్యాదస్థుడు.

"నా వ్యాసం ఎవరైనా చదివి తప్పొప్పులు చెప్తారా బాబూ?" అన్నాను.

"సలహాదారుగారు చెప్తారమ్మా. కాకపోతే ముందు మూడు వర్క్‌షాపులు చెయ్యాలి."

"క్లాసులు పోతాయే?"

"క్లాసులదేముందమ్మా, రోజూ ఉండేవేగా."

మూడూ చేశాను. టైమ్ మేనేజ్‌మెంట్ వర్క్‌షాపు యాభై నిమిషాలు ఆలస్యంగా మొదలై, టైము చాలక మధ్యలో ఆగిపోయింది. నాయకత్వం నేర్పే వర్క్‌షాపులో అందరం చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాం. ఒత్తిడి తగ్గించే వర్క్‌షాపులో పిసుక్కోవడానికి తలా ఒక రబ్బరు బంతి ఇచ్చారు. ఒత్తిడి ఎందుకొచ్చిందని మాత్రం ఎవరూ అడగలేదు. అడిగితే వాళ్లకు ఒత్తిడి కదా!

అప్పుడు టోకెన్ ఇచ్చారు. నలభై రెండు. రోజుకు నలుగురినే చూస్తారు. ఎవరి వంతు ఎప్పుడొస్తుందో చెప్పరు కాబట్టి అందరం రోజూ వచ్చి వరండాలో బల్ల మీద కూర్చోవాలి. నా పక్కన నలభై ఒకటి, సైన్సు చదివే రెండు జడల పిల్ల. రెండో రోజుకే విసుగెత్తి నా కాగితాలు లాక్కుంది.

"ఇదంతా పుస్తకంలోదే కదా అమ్మమ్మా. మీరేమంటారు?"

"నేనంటే వినేదెవరే?"

"వినడానికేగా రాయమన్నారు. నీళ్ల గురించి మీకేం తెలుసో చెప్పండి."

నవ్వొచ్చింది. నలభై ఏళ్లు వీధి కుళాయి దగ్గర నిలబడ్డదాన్ని. పై వీధిలో మోటార్లు వేస్తే మా కుళాయిలో గాలి మాత్రమే వస్తుందని చెప్పాను. మ్యాపులో రెండు వీధులకీ ఒకే గొట్టమని, నీళ్లు మాత్రం ఒక వీధికేనని చెప్పాను.

"అదే రాయండి. ఇక్కడే, ఇప్పుడే."

రాశాను. నలభై ఒకటి కొట్టేసింది. మళ్లీ రాశాను. నలభై మూడో నంబరు కుర్రాడు కామాలు పెట్టాడు. నలభై నాలుగు అసలు ఒప్పుకోనని వాదనకు దిగింది. ముప్పై తొమ్మిదిని లోపలికి పిలిస్తే, "ఉండండి సార్, ఈ నీళ్ల సంగతి తేలనివ్వండి" అని కదల్లేదు.

వ్యాసం ఇచ్చాను. పాసయ్యాను! ఆ మర్నాడే నా నంబరు పిలిచారు.

"మీ సమస్య ఏమిటమ్మా?" అన్నారు సలహాదారుగారు.

"తీరిపోయిందండీ."

"మా కేంద్రానికి వచ్చాకే కదా తీరింది?"

కాదని ఎలా అంటాను? ఆయన సంతోషంగా టిక్కు పెట్టుకున్నారు.

ఇప్పుడు వరండాలో నా ఫొటో ఉంది, బల్ల లేదు. ఇంత విజయం చూశాక కేంద్రాన్ని మొత్తం ఆన్‌లైన్ చేసేశారు. ఇంట్లో కూర్చుని నొక్కితే 'మీరు వరసలో ఉన్నారు' అని వస్తుంది. ముందెవరో, వెనకెవరో కనిపించరు.

"ఇంక ఒకళ్ల మీద ఒకళ్లు పడి కూర్చునే బాధ లేదమ్మా," అన్నాడు గుమస్తా.

రెండో వ్యాసం సోమవారానికి ఇవ్వాలి. రాయడం అయింది. కొట్టేసే మనిషి లేదు. అన్ని రోజులూ నంబర్లతోనే పిలుచుకున్నాం, ఆ పిల్ల పేరైనా అడగలేదు. ఇది చదివేవాళ్లలో నలభై ఒకటి ఉంటే, అమ్మాయ్, లైబ్రరీ మెట్ల మీద ఉన్నాను. పక్కన చోటుంచాను.