పెట్టెకు సెలవు

కలకత్తా ఏక్‌బాల్‌పూర్‌లో దేముడనే అతని ఇంట్లో మంచం కింద వరద నీళ్లు మూడు రోజులు నిలిచిన ఏడాది అది. ఆ వరదకే సాల్ట్ లేక్‌లోని టీ కంపెనీలో పాత ఫోన్ తీగలు కుళ్లిపోయాయి. కంప్యూటర్ల తీగలోనే ఫోన్లూ నడిచేలా కొత్త పెట్టె ఒకటి బీరువాలో పెట్టించారు.

దేముడు అక్కడ ముప్పై ఏళ్లుగా ప్యూను. ఇంకో ఏడాది పని పొడిగించే కాగితం మేనేజరు రఘురాం బల్ల మీద సంతకం కోసం ఉంది. విశ్వకర్మ పూజ రోజు దేముడు అందరికన్నా ముందే వచ్చాడు. ఆ రోజు యంత్రాలకు విశ్రాంతి. ఏటా జనరేటరుకు చేసినట్టే, పెట్టె స్విచ్చి ఆపి, బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసి, బీరువాకు తాళం వేశాడు. ఫోన్లు ముట్టుకోలేదు. అవి ఆ పెట్టెలోంచే పలుకుతాయని అతనికి ఎవరూ చెప్పలేదు.

పదింటికి చూస్తే ఒక్క ఫోనూ పలకలేదు.

"సౌజన్యా! పదకొండుకి మన టీ కొనే సేన్ బాబు బేరానికి ఫోన్ చేస్తాడు. ఈ బేరం పోతే నా ఉద్యోగమూ పోతుంది!" అని అరిచాడు రఘురాం.

కంప్యూటర్లు చూసే లక్ష్మీసౌజన్య బల్లల కింద దూరింది. "నెట్ కూడా లేదు సర్. మళ్లీ నేల కింద నీళ్లేమో!"

ప్లంబరును పిలిచారు. నీళ్లు లేవు. అతను గచ్చు తవ్వి పైపు పగలగొట్టాక వచ్చాయి.

"దేముడూ, ఫోన్లు కదిపావా?" అని అడిగాడు రఘురాం.

"అమ్మతోడు, నాను ముట్లేదు బాబూ."

రఘురాం సెల్ నుంచి సేన్ బాబుకు చేశాడు. ఎంగేజ్. అటు ఆయన ఈ ఆఫీసు ఫోనుకే చేస్తూ కూర్చున్నాడు.

"దేముడుదా, బీరువా తాళంచెవి ఏదీ?" అంది సౌజన్య, తీగ వెంట బీరువా దాకా వచ్చి. అక్కడ "దా" అంటే అన్న.

"ఇయాల తియ్యకూడదమ్మా. పెట్టి పడుకుంది."

"పడుకోవడమేంటి?"

"రేయీ పగలూ మినుకుమినుకుమంటాది గదా. ఒక్క రోజు సెలవియ్యరా ఏటి?"

రఘురాం చింపేద్దామని దేముడి పొడిగింపు కాగితం చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడే ప్యాంటు పైకి మడిచి, నీళ్లలో తపతపా అడుగులేస్తూ సేన్ బాబు వచ్చాడు. రొప్పుతున్నాడు.

"గంట నుంచి ఫోనెత్తరేం రఘురాం బాబూ? సరుకు ఇంకొకరికి ఇచ్చేశారా? మీరన్న ధరకే తీసుకుంటాను!" అన్నాడు బెంగాలీలో.

రఘురాం గొంతు సవరించుకున్నాడు. "పూజ కదా సేన్‌దా. ఇవాళ మేం యంత్రాలు ముట్టం."

తర్వాత కాగితం మీద సంతకం పెట్టాడు.

మర్నాడు ఉదయం దేముడు ఫోన్లన్నీ తుడిచాడు. మళ్లీ మినుకుమంటున్న పెట్టెను మాత్రం ముట్టకుండా, దూరం నుంచే దండం పెట్టాడు. దాని మీద దుమ్ము ఇప్పటికీ ఉంది.