ముంతలో చేప

ఆదివారంతో వచ్చిన చిక్కల్లా అది మన చుట్టాలకి కూడా ఆదివారమే కావడం. కాళ్ళు బార్లా చాపుకుని కాఫీ తాగుదామనుకున్న పూటే వాళ్ళకి మనం గుర్తొస్తాం.

ఆ పొద్దున ఫోను మోగేసరికి మన కథానాయకుడు మోచేతుల దాకా తడిసి, కొత్త గాజుతొట్టిలో ఇసుక సర్దుతున్నారు. తొట్టి చిన్నదే. పొడుగు రెక్కల బెట్టా చేపని ఒక్కదాన్ని తెచ్చి పెంచాలని ఆయన సంకల్పం. నీళ్ళు వెచ్చగా ఉంచే హీటరు, బుడగలు వదిలే ఫిల్టరు, ఓ మొక్క, చేప దాక్కోవడానికి పక్కకి పడుకోబెట్టిన మట్టిముంత, అన్నీ అమిరాయి. చేప ఒక్కటే తక్కువ.

ఫోను చేసింది భార్య అన్నగారు. ఈ బావగారు డ్రైవింగు పరీక్షలు పెట్టే ఆఫీసరు. తన కంటిని దాటి ఏదీ పోదని ఆయన నమ్మకం. అందుకే కళ్ళజోడు మార్చమని డాక్టరు ఎంత మొత్తుకున్నా మార్చలేదు. బట్టలారేసే ట్రెడ్‌మిల్లు, రెండు తీగలు మిగిలిన గిటారు, సగం దాకా రంగేసిన బాల్కనీ కటకటాలు చూసి, మన కథానాయకుడికి ఆరంభశూరుడని పేరు పెట్టింది ఆయనే. పిలవడానికి పొడుగవుతోందని తర్వాత దాన్ని శూరం అని కుదించారు. ఇప్పుడు కొరియరు అతను కూడా శూరంగారూ అనే పిలుస్తున్నాడు.

"ఏం శూరం, చేప వచ్చిందా, తొట్టి దగ్గరే ఆగావా?"

శూరంగారికి పౌరుషం పొడుచుకొచ్చింది. "వచ్చింది బావా."

"అయితే వస్తున్నా. మీ వీధి మలుపులోనే ఉన్నా."

ఈ మాటలు విని భార్య వంటింట్లోంచి వచ్చారు. ఆవిడ రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తారు. పరీక్షించనిదే పంపునీళ్ళని కూడా నమ్మరు. కొత్త తొట్టిలో మురికిని అరిగించే సూక్ష్మజీవులు ఉండవనీ, అవి పెరగడానికి వారాలు పడుతుందనీ, అందాకా చేప గడప తొక్కడానికి వీల్లేదనీ ఆవిడ ఎప్పుడో తీర్పు చెప్పేశారు.

"ఇప్పుడు మా అన్నయ్యకి ఏం చూపిస్తారు?"

"ముంత."

బావగారు వచ్చీ రాగానే తొట్టి ముందు నిలబడ్డారు. కొత్తచోటు కదా, బెరుకుతో ముంతలోకి దూరిందని శూరంగారు విన్నవించుకున్నారు. బావగారు నడుం వంచారు. కళ్ళజోడు పైకి లాగారు, కిందికి లాగారు. కనపడలేదనడం ఆయన ఉద్యోగధర్మానికే విరుద్ధం. కాసేపటికి తృప్తిగా తలాడించారు.

"అదుగో తోక. నీలం."

శూరంగారు కూడా గబుక్కున వంగి చూశారు, ఏమో ఎవరికి తెలుసని.

మెట్లమీద పైవాటా రిటైర్డు లెక్కల మాస్టారు ఎదురైతే బావగారు ఆ తోక సంగతి చెప్పారు. మాస్టారు వెంటనే దిగొచ్చి చూశారు. పక్కవాడికి తెలిసింది తనకి తెలియకపోవడం ఆయన సర్వీసులో లేదు.

"నీలమెక్కడండీ బాబూ. శుభ్రమైన ఎరుపు."

అక్కణ్ణుంచి ఇద్దరికీ పట్టుదల పెరిగింది. తేల్చుకోవడానికి మర్నాడు వచ్చారు, ఆ మర్నాడూ వచ్చారు. బల్బు మార్చి చూశారు, కుర్చీ ఎక్కి చూశారు. చివరికి ఎదురుగా చూస్తే నీలం, పక్కనుంచి చూస్తే ఎరుపు అని తాత్కాలికంగా రాజీ కుదుర్చుకున్నారు. బావగారు తొట్టిలో మేత వేసి వెళ్ళేవారు. ఆయన గడప దాటగానే శూరంగారి భార్య దాన్ని వడకట్టి తీసి చెత్తబుట్టలో వేసేవారు. మేత మాయమైందంటే చేప తిన్నట్టే కదా! తన చేతిమేతైతే తప్ప అది ముట్టదని బావగారు ఆఫీసంతా చెప్పుకున్నారు. రోజూ సాయంత్రం ఆ హాల్లో నవ్వులూ వాదనలూ, తిరణాలే.

ఒకరోజు బావగారు భుజం తట్టి, "ఇన్నాళ్ళకి ఒక్కటి నిలబెట్టావు బావా" అన్నారు. శూరం అనలేదు, బావా అన్నారు. ఆ ఆనందంలో శూరంగారు ట్రెడ్‌మిల్లు మీది బట్టలన్నీ తీసి మడతపెట్టేశారు.

ఎట్టకేలకి నీళ్ళు పరీక్ష పాసయ్యాయి. శూరంగారు దుకాణానికి పరిగెత్తారు. అక్కడున్నది ఒక్కటే బెట్టా, పాలనురుగులా తెల్లగా. తెలుపైతేనేం, అబద్ధం నిజమైపోతే అంతే చాలనుకున్నారు. ఆ చేప ముంత వంక కన్నెత్తి కూడా చూడలేదు. రెక్కలు విసనకర్రలా విప్పుకుని సరాసరి అద్దం ముందుకొచ్చి నిలబడింది.

ఆ సాయంత్రం బావగారికి కళ్ళజోడు సర్దుకునే అవసరం రాలేదు.

"ఇదెవరు?"

"చేప, బావా."

"మన చేప ఏది?"

శూరంగారు నోరు తెరిచారు. నిజం చెబితే బావగారి కంటికి అప్రతిష్ఠ, చెప్పకపోతే తన మెడకి హత్య. ఆ తెరిచిన నోరు చూసే బావగారు సంగతి గ్రహించేసి సోఫాలో కూలబడ్డారు.

"ప్రాణమున్నదాన్ని కూడా మధ్యలో వదిలేశావా, శూరం?"

కబురు తెలిసి మాస్టారు దిగొచ్చారు. అంత బుద్ధిమంతమైన చేప మళ్ళీ పుట్టదని మొదటిసారి ఇద్దరూ ఒక్కమాట మీదికొచ్చారు. తెల్లచేప మొప్పలు విరుచుకుని ఎన్ని వేషాలు వేసినా పట్టించుకున్నవాళ్ళు లేరు. ఇప్పటికైనా నిజం చెప్పేయమని భార్య శూరంగారి చెవిలో అన్నారు.

"ఎక్కడ పాతిపెట్టావు?" అన్నారు బావగారు.

శూరంగారి చెయ్యి దానంతటదే బాల్కనీలో గులాబీకుండీ వైపు లేచింది.

ఇద్దరూ వెళ్ళి కుండీ ముందు తలవంచి నిలబడ్డారు. ముందుగా తేరుకున్నది మాస్టారే.

"బాధే అనుకోండి. కానీ తవ్వితే రంగు తేలిపోతుంది."

అంత దుఃఖంలోనూ బావగారికి ఆ మాట నచ్చింది. ఆదివారం పొద్దున్నే గునపంతో వస్తామనీ, అందాకా కుండీ ఎవరూ ముట్టుకోవద్దనీ చెప్పి వెళ్ళారు.

అయ్యా, అమ్మా, చదువుతున్న మహానుభావులారా! ఇలాంటి ఇరకాటంలో పడి గట్టెక్కినవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే, శనివారంలోగా ఓ సలహా చెప్పి పుణ్యం కట్టుకోండి. ఎలాంటిదైనా సరే. నిజం చెప్పేయమన్న సలహా మాత్రం వద్దు, అది ఆయనకి ఇంట్లోనే పూటకోసారి ఉచితంగా అందుతోంది.