గుర్తింపు లేని కాన్పు

ఒక మనిషి డాక్టరా కాదా అన్నది రోగి తేల్చే విషయం కాదు. ఖమ్మంలోని వైద్య పదనిర్ణయ విభాగం తేల్చాలి.

అశ్వారావుపేట పామాయిల్ రైతు కూతురు రాజ్యశ్రీ రష్యాలో వైద్యం చదివి, 2007లో ఎండీ పట్టాతో ఆ విభాగానికి వెళ్లింది. సూపరింటెండెంట్ బసవపున్నయ్య పట్టాను వెలుతురుకు పట్టి చూశాడు.

"అక్కడి ఎండీ ఇక్కడి ఎంబీబీఎస్ అమ్మా. ఇంటర్న్‌షిప్ చెయ్యందే అదీ కాదు."

"స్క్రీనింగ్ టెస్ట్ పాసయ్యాను కదండీ?"

"అవ్. అంటే టెస్ట్ పాసైనవని అర్థం."

తక్కిన పదాలు కూడా ఆయన ఓపిగ్గా వివరించాడు. హౌస్ సర్జన్‌కు హౌస్ ఉండదు, సర్జరీ ఇవ్వరు. రెసిడెంట్ అంటే నివాసి (అందుకే ఇంటికి పంపరు). స్వదేశీ పట్టాల వాళ్లకు వేరే వరుస ఉంది, అదీ కదలదు.

చివరికి ఆమెను భద్రాచలం అడవి అంచున ఒక దవాఖానాకు పంపారు. అక్కడ డాక్టర్ పోస్టు ఖాళీ. నేర్పే డాక్టర్ లేడు కనుక ఇంటర్న్‌షిప్‌కు గుర్తింపు లేదు. కాబట్టి ఆమె హోదా 'పరిశీలకురాలు'. రోగిని చూడవచ్చు, ముట్టుకోరాదు.

ఒక వానాకాలపు మధ్యాహ్నం దస్రు తన భార్య జంపక్కను ట్రాక్టర్‌లో తెచ్చాడు. నొప్పులు ముదిరిపోయాయి.

"డాక్టరమ్మా, జల్దీ రా!"

"నేనింకా డాక్టర్‌ని కాదు, పరిశీలకురాలిని," అంది రాజ్యశ్రీ.

జంపక్క ఆమె మణికట్టు పట్టుకుంది. "గవన్నీ తర్వాత జెప్పు తల్లీ. ముందు బిడ్డను దియ్యి."

రాజ్యశ్రీ చేతులు కడుక్కుంది. బిడ్డ మెడకు పేగు చుట్టుకుని ఉంది. దాన్ని తప్పించింది, బిడ్డను బయటికి తీసి వీపు రుద్దింది. ఆడపిల్ల కేరుమంది. రాజ్యశ్రీ కూడా ఏడ్చింది (నిబంధనల్లో దీనికి అభ్యంతరం లేదు).

జనన పత్రం అడిగితే పంచాయతీ వాళ్లు దస్రును బసవపున్నయ్య దగ్గరికి తోలారు.

"కాన్పు ఎవరు జేసిండ్రు?"

"డాక్టరమ్మ."

"ఆమె డాక్టర్ కాదు."

"బిడ్డ పుట్టింది గద సార్!"

"పుట్టింది నిజమే. గుర్తింపు లేదు."

పరిశీలించమంటే జోక్యం చేసుకున్నందుకు రాజ్యశ్రీ హోదా రద్దయింది. మర్నాడు సామాను సర్దుకుని బయటికొస్తే, వరండాలో ఇద్దరు గర్భిణులు కూర్చుని ఉన్నారు. రద్దు సంగతి వాళ్లకు తెలియదు. ఆమె సంచి కింద పెట్టి, మళ్లీ చేతులు కడుక్కుంది.

జంపక్క బిడ్డ విషయంలో మాత్రం విభాగం ఉదారంగానే వ్యవహరించింది. గుర్తింపు పొందిన డాక్టర్ నియమితుడై వచ్చి జననాన్ని ధ్రువీకరిస్తాడని, అందాకా బిడ్డ పెరగకుండా చూసుకునే బాధ్యత తల్లిదండ్రులదేనని ఉత్తర్వు ఇచ్చింది.