‘నీ ఇష్టం’ కింది దారం

కూరేం చేయాలని అడిగితే "ఏదో ఒకటి" అనకూడదని హైమవతీ, అంటే తప్పేమిటని ఆమె భర్త సుదర్శనమూ వాదించుకుంటుండగా, అతని జవాబు కింద ఈసారి కూడా ఒక్క లింకైనా వేలాడలేదు.

ఆఫీసులో సుదర్శనం పని అదే. కంప్యూటర్ సర్వర్ పంపే ప్రతి జవాబుకూ, ఆపైన ఏం చేయవచ్చో చూపే లింకులు తగిలించాలి. అడిగినవాళ్లు కాచుకుని కూర్చోనక్కర్లేదు; తయారైనప్పుడు జవాబే వస్తుంది. అతనికి పని ఇంటికి తెచ్చుకునే అలవాటుంది కాబట్టి లింకులూ వెంట వచ్చాయి. ఇంట్లో ఎవరు మాట్లాడినా మాట చివర ఆ లింకులే నీలం దారాలై దిగుతున్నాయి. ఏ దారం లాగితే ఆ పని మొదలవుతుంది. హైమవతి అత్తగారు పైడితల్లమ్మ "తిన్నానమ్మా" అంటే "మజ్జిగ", "మాత్ర" అని రెండు. మెట్ల మీద రాలిన దారాలు ఎవరివి వాళ్లే ఊడ్చుకోవాలని అపార్ట్‌మెంట్ సంఘం నోటీసు అంటించింది.

హైమవతికి పార్వతీపురం కాలేజీలో లైబ్రేరియన్ ఉద్యోగం వచ్చింది. వారమంతా అక్కడే ఉండాలి. "వెళ్లనా?" అని భర్తను అడిగి, పప్పు కడుక్కుంటూ, బట్టలారేసుకుంటూ ఉంది. కొన్నాళ్లకు, అతను గడ్డం గీసుకుంటుండగా జవాబు తయారైంది.

"నీ ఇష్టం."

కింద ఒకటే దారం: "అమ్మనడుగు." లాగింది.

"నాకేటి తెలుసమ్మా," అంది పైడితల్లమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ. కింద దారం: "ఆడ్నడుగు." అదీ లాగింది.

"చెప్పాను కదే, నీ ఇష్టమని."

మళ్లీ అదే దారం. లింకులు ఎక్కడా తెగకుండా పనిచేస్తున్నందుకు సుదర్శనం ముచ్చటపడ్డాడు కూడా.

ఆదివారం కూరేం చేయాలని హైమవతి ఎవరినీ అడగలేదు. ఆనపకాయ వండింది. భర్తకు, అత్తగారికి, కూతురు హారికకు వడ్డించి తనూ కూర్చుంది.

"రేపు పొద్దున్న బండికి వెళ్లి ఉద్యోగంలో చేరుతున్నాను."

ఆ మాట కింద దారాలు గుత్తులుగా దిగాయి. అత్తగారి వైపు "మాత్రల పెట్టె", హారిక వైపు "రెండు జడలు", సుదర్శనం వైపు "కుక్కర్". వద్దనడానికి దారమేదైనా ఉందేమోనని అతను చాలాసేపు వెతికాడు. లేదు.

పైడితల్లమ్మ తన దారం వేలికి చుట్టుకుంది. "మమ్మల్నడగడం మానీడానికి ఇన్నాళ్లు పట్టిందేటమ్మా?"

సుదర్శనం తన దారం మెల్లగా లాగాడు. "ఎన్ని విజిల్స్ రానివ్వాలి?"

"మూడు," అంది హైమవతి. "ఏదో ఒకటి కాదు."